రెండడుగుల తేడా

వాల్తేరు అప్‌లాండ్స్ మిట్ట మీద
హాల్‌స్టెడ్ దొర కట్టించిన ఇల్లు,
ఊరి నోట్లో నలిగి అల్లిస్టీ బంగళా.
పడగొట్టేలోపు కొలతలు గీసిమ్మన్నారు.
టేపు ఒక కొస నాది,
రెండో కొస సన్నాసయ్య మేస్త్రిది.

వరండాకి తొమ్మిది స్తంభాలు.
దూరానికి రాయి. గోటితో గీకితే సున్నం,
సున్నం కింద ఇటుక.
అతుకుల్లా కనబడేవి అతుకులు కావు, తాపీ మొనతో గీసిన గీతలు.
"రాయిలాగ అవుపడాలన్నాడు దొర.
నూటరవై ఏళ్ళు అబద్ధమాడించినాం"
అంటాడు సన్నాసయ్య, తానే కట్టినట్టు.

గోడల గచ్చులో కరక్కాయ, బెల్లం నీళ్ళు, గుడ్డు తెల్లసొన.
ఆ ఏడాది జాలారిపేటలో
బాలింతకు కూడా గుడ్డు దొరకలేదట.
"మా తాతమ్మ నూరిందమ్మా ఈ సున్నం.
అరిసేతులు ఒలిసిపోనాయట."
చెంప ఆనించి చూశాను.
శంఖం లోపలిలా ఇంకా చల్లగానే ఉంది.

దూలాలు రంగం టేకు.
ఒకటి మాత్రం ఏదో ఓడ తెరచాప కొయ్య,
గాలి తిరిగినప్పుడల్లా అదొక్కటే కిర్రుమంటుంది,
ఇంకా రేవు చేరలేదనుకుంటోంది పాపం.

వాకిలి దక్షిణానికి.
ఎండ కోసం వాళ్ళ ఊళ్ళో అలాగే పెడతారట.
ఎండకు కరువా ఇక్కడ?
"యముడి దిక్కు" అని సన్నాసయ్య
మూడు రోజులూ పెరటి గుమ్మంలోంచే వచ్చాడు.

మూడో రోజు లెక్క తప్పింది.
భోజనాల గది లోపల ఇరవై రెండున్నర.
బయట కొలిచి గోడల మందం తీసేస్తే ఇరవై నాలుగున్నర.
మళ్ళీ కొలిచాం. టేపు మార్చి కొలిచాం.
రెండడుగులు ఎటు పోయినట్టు?
సన్నాసయ్య గోడంతా వేలి కణుపుతో తట్టుకుంటూ వెళ్ళాడు
పుచ్చకాయ బేరమాడేవాడిలా.
ఒకచోట ఆగాడు.
"బోలు."

ఉలి. నాలుగు ఇటుకలు. చీకటి.
పైనుంచి సన్నగా, ఉప్పగా గాలి.

చలిమంట పొయ్యి!
విశాఖపట్నంలో!
చెమట తుడుచుకుంటూ ఇద్దరం పగలబడి నవ్వాం.
పాలరాతి గట్టు మీద చెక్కిన ద్రాక్షగుత్తులు.
మాఘమాసంలో కూడా పంకా లాగించుకున్న మనిషి
ఎందుకు కట్టించుకున్నాడో ఇది.
సాయంత్రాలు దీని ముందు కుర్చీ వేసుకుని
లేని మంటకి కాళ్ళు చాపుకునేవాడేమో.

మసి ఉండకూడదు మరి.
ఉంది.
ఎడమ చెక్కన ఒక్క చార, నా జానెడు వెడల్పు.

సన్నాసయ్య నవ్వు ఆగిపోయింది.
బీడీ తీసి, వెలిగించకుండా పట్టుకుని కూర్చున్నాడు.
"పెదగాలొచ్చిన ఏడు.
దొర, దొరసాని ముందే కలకత్తా ఓడెక్కీసినారు.
ఎనకాల పాకలు ఎగిరిపోనాయి.
పంకా లాగేవోడు, వంటోడు, తోటోడు, ఆల పిల్లలు పదకొండు మంది,
తలుపు ఇరగ్గొట్టి ఇందులోన సొరబడినారు.
కుర్సీ కోళ్ళు ఇరిసి
ఇదిగో, ఇక్కడే అంబలి కాసినారు.
తిరిగొచ్చి సూసినాడు దొర.
కొట్టలేదట. తిట్టనూ లేదట.
ఇటుకలెట్టి మూసీమన్నాడు.
మూసినోడు మా తాతమ్మ మొగుడే."

కాగితం మీద ఈ రెండడుగులు
అరంగుళం కూడా రావు.
ఇటుకకి వాలు గీతలు, రాతికి చుక్కలు,
కొయ్యకి వలయాలు నేర్పారు నాకు.
మసికి గుర్తేమిటో ఎవరూ చెప్పలేదు.
పెన్సిలు చెక్కుకుంటూ కూర్చున్నాను,
చెక్కాల్సిన దానికంటే ఎక్కువసేపు.

సందె పడింది. సన్నాసయ్య ఇటుకలు తిరిగి పేర్చాడు,
ఒకటి, రెండు, మూడు.
నాలుగోది తువ్వాలులో చుట్టి
చంకన పెట్టుకున్నాడు.
నేను అడగలేదు, అతను చెప్పలేదు.
పెరటి గుమ్మంలోంచే వెళ్ళిపోయాడు.

జాబితాలో ఆ గోడ దగ్గర
ఒక ఇటుక తక్కువ రాశాను.